నాలుగు స్పీకర్ల ఆకాశం

1997 జూన్‌లో నన్ను టెక్నికల్ అసిస్టెంట్‌గా మదనపల్లెకు వేశారు. మాది సైన్సును బళ్ళకు మోసుకుపోయే ప్రభుత్వ విభాగం. అందులో టెక్నికల్ అసిస్టెంటు అంటే, చేతిలో స్క్రూడ్రైవరూ జేబులో టెస్టరూ ఉన్న గుమస్తా అనుకోండి. నాకు అప్పగించింది సంచార నక్షత్రశాల. పరిధి మదనపల్లె, పుంగనూరు, కుప్పం, వాటి చుట్టూ ఉన్న మండలాలు. అటు కలకడ నుంచి ఇటు రామకుప్పం దాకా ఏ బడి పిలిస్తే ఆ బడికి వ్యాను కట్టుకుని పోవాలి.

సంచార నక్షత్రశాల అంటే గాలి ఊదితే బోర్లించిన గిన్నెలాగా నిలబడే పెద్ద గుడ్డ గుడారం. బయట వెండి రంగు, లోపల తెలుపు. పక్కన బ్లోయరు అనే పెద్ద ఫ్యాను ఆగకుండా గాలి ఊదుతూనే ఉండాలి. అది ఆగితే గుడారం మెల్లగా పిల్లల నెత్తి మీదికి వాలుతుంది. పిల్లలకు అదీ ఒక ఆటే కాబట్టి ఎవరూ భయపడేవాళ్ళు కాదు. లోపలికి పోవడానికి గుడ్డతో కుట్టిన సొరంగం, అందులో పాక్కుంటూ పోవాలి. నడుమ ఒక స్టాండు మీద గుండ్రటి డబ్బా, డబ్బాలో సన్న బల్బు, డబ్బా ఒంటినిండా నక్షత్రానికొక బెజ్జం. బల్బు వెలిగిస్తే మిట్టమధ్యాహ్నం కూడా గుడారం నిండా చుక్కలే. చంద్రుడి కోసం వేరే చిన్న దీపం ఉండేది. డబ్బాను మెల్లగా తిప్పితే ఆకాశం తూర్పు నుంచి పడమటికి జరిగేది.

యూనిట్‌లో మేం ముగ్గురం. పర్మనెంటు ఉద్యోగిని నేనొక్కడినే కాబట్టి ఇన్‌చార్జీ నేనే. డ్రైవరు మునిరత్నప్ప జిల్లా ఆఫీసు నుంచి డెప్యుటేషన్ మీద వచ్చాడు. వ్యాను నడపడం, బ్లోయరు చూసుకోవడం అతని పని. మూడో మనిషి ఎస్తేరు. హోదా డెమాన్‌స్ట్రేటరు, అంటే చీకట్లో నిలబడి పిల్లలకు ఆకాశం గురించి చెప్పే మనిషి. మదనపల్లె మిషన్ ఆస్పత్రి కాంపౌండులో పుట్టి పెరిగింది. వాళ్ళ అమ్మ అక్కడే నర్సు. ఫిజిక్సులో డిగ్రీ చేసి, చాలా ఏళ్ళుగా టెంపరరీగానే నెట్టుకొస్తోంది. ఆమె చెబుతుంటే నాకే మళ్ళీ బళ్ళో చేరాలనిపించేది. గొంతు అంత బాగుండేది, ఉత్సాహం అంతకంటే బాగుండేది.

ఇన్ని ఉన్నా మా ప్రదర్శనలో పెద్ద లోపం ఒకటి ఉంది. పిల్లలు చూడవలసిన చోట చూసేవాళ్ళు కాదు.

సినిమాలో అయితే ఈ గొడవ లేదు. తెర ఒక్కటే, అందరూ దానివైపే చూస్తారు. గుడారంలో నాలుగు పక్కలా తెరే. పిల్లలు గోడ వెంబడి గుండ్రంగా కూర్చుంటారు. ప్రతివాడికీ ఎదుటి సగం కనబడుతుంది, వీపు వెనక సగం కనబడదు. ఎస్తేరు "తూర్పు పక్క సూడండి, చంద్రుడు లేస్తాండాడు" అంటుంది. బయట ఎండలో అయితే పుంగనూరు పిల్లవాడికి తూర్పేదో ఒకరు చెప్పక్కర్లేదు. గుండ్రటి చీకటి గుడారంలోకి పాక్కుంటూ వచ్చాక తూర్పు లేదు, పడమర లేదు. పోనీ ఆమె గొంతు వినబడిన పక్కకు చూస్తారా అంటే, ఆ గొంతుతోనే వచ్చింది అసలు చిక్కు. గుండ్రటి గుడారంలో మాట ఎదుటి గోడకు తగిలి తిరిగి వస్తుంది. ఆమె తూర్పున నిలబడి మాట్లాడితే పడమటి నుంచి ఇంకో ఎస్తేరు మాట్లాడినట్టుండేది. పిల్లలు ఆ రెండో ఎస్తేరును వెతుక్కుంటూ పడమటికి తిరిగేవాళ్ళు. ఈలోగా చంద్రుడు కింది అంచున లేచి, ఎవరి కంటా పడకుండా చుక్కల్లో కలిసిపోయేవాడు. టార్చితో బాణం గుర్తు వేసి చూపించేవాళ్ళం. వేరే పక్కకు చూస్తున్నవాడికి బాణం కూడా కనబడదు కదా.

1998 ఆఖర్లో పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. యూనిట్‌ను ఇక్కడికి ప్రయోగాత్మకంగా మాత్రమే ఇచ్చారనీ, ముగ్గురు సభ్యుల పరిశీలక బృందం కుప్పంలో ప్రదర్శన చూసి పిల్లలకు నిజంగా ఏమైనా అందుతోందో లేదో తేలుస్తుందనీ, అందకపోతే యూనిట్‌ను కోస్తాకు తరలిస్తారనీ దాని సారాంశం. నాకు పోయేదేమీ లేదు, ఎక్కడికి వేస్తే అక్కడికి పెట్టె సర్దుకోవడమే. ఎస్తేరు సంగతి అలా కాదు. యూనిట్ కదిలితే ఆమె పోస్టు రద్దవుతుంది. ఉత్తర్వు చదివి వినిపించాక ఆమె ఇలా అంది: "ఉద్యోగం పోతే టీచరు పని సూసుకుంటా సార్, దానికేముండాది. గుడారం పోతే మాత్రం నాకు శానా బాధగా ఉంటాది. ఇట్లాంటి పని ఇంకోటి యాడా లేదు." నాకూ బాధగానే ఉందని చెప్పాను. ఆ సాయంత్రమే టంకం పెట్టే కడ్డీ వేడి చేశాను.

నేను చేసింది చెప్పాలంటే చెవి సంగతి రెండు ముక్కలు చెప్పాలి. కుడి పక్క నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ఒక్క పిసరు ముందు చేరుతుంది. ఆ పిసరును బట్టే మెదడు దిక్కును పట్టేస్తుంది. గోడకు తగిలి ఆలస్యంగా వచ్చేదాన్ని పట్టించుకోకుండా, ముందొచ్చినదాన్నే నమ్ముతుంది. కాకపోతే ఆ శబ్దం టక్కున మొదలు కావాలి. మాటలాగా సాగుతూ పోయేదైతే ముందొచ్చిందీ వెనకొచ్చిందీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి మెదడు తికమక పడుతుంది. అంటే చిన్నదీ, పదునైనదీ, చూడవలసిన చోటు నుంచే పుట్టేదీ అయిన శబ్దం కావాలి. అది వినబడితే మనిషి ఆలోచించడు, మెడ దానంతట అదే తిరుగుతుంది. ఇప్పుడు కళ్ళకు హెడ్‌సెట్ కట్టి లేని లోకాన్ని చూపే వర్చువల్ రియాలిటీ వాళ్ళు చేసేదీ ఇదే. వాళ్ళది కంప్యూటరు లెక్క. నాది నాలుగు పాత స్పీకర్లు.

వాటిని గుడారం లోపల నాలుగు దిక్కులా, పిల్లల తలల కంటే కాస్త ఎత్తున, గుడ్డకు తగలకుండా నిలబెట్టాను. టేప్‌రికార్డరు శబ్దాన్ని ఏ స్పీకరుకు కావాలంటే దానికే మళ్ళించేలా తిప్పుడు స్విచ్చు ఒకటి డబ్బాలో బిగించాను. చంద్రుడు లేచే ముందు తూర్పు స్పీకరు మోగాలి, ధ్రువ నక్షత్రాన్ని చూపే ముందు ఉత్తరం స్పీకరు మోగాలి. ఇంతవరకు బాగానే ఉంది. ఏ శబ్దం పెట్టాలి? చిన్నదీ పదునైనదీ అనగానే నాకు తోచింది గంట. మదనపల్లె బజారులో మంచి కంచు గంట చూసి కొని, దాన్ని రికార్డు చేశాను. ఆఫీసు గదిలో మేం ముగ్గురం కళ్ళకు గుడ్డ కట్టుకుని పరీక్షించాం. గంట మోగిన ప్రతిసారీ వేలు సరిగ్గా స్పీకరువైపే చూపించాం. మునిరత్నప్ప అయితే "ఇంక కుప్పం మనదే సార్" అని తేల్చేశాడు.

మొదట మదనపల్లెలోనే ఒక హైస్కూల్లో ప్రదర్శన పెట్టాం. దీపం తగ్గింది, చుక్కలు వచ్చాయి, పిల్లలు "ఓ" అన్నారు. నేను స్విచ్చు తూర్పుకు తిప్పి గంట మోగించాను. అంతే, చీకట్లో నాలుగు పక్కల నుంచీ టపటపమని చప్పుడు. వాన మొదలైందేమోనని గాభరా పడ్డాను, ఎందుకంటే గుడారం తడిస్తే ఆరబెట్టడం రెండు రోజుల పని. సొరంగంలోకి తల పెట్టి మునిరత్నప్పను కేకేశాను.

"వాన యాడ సార్, ఎండ పేలిపోతాండాది" అని బయటి నుంచి జవాబు.

ప్రదర్శన ముగిశాక చంద్రుడు ఏ పక్క లేచాడని పిల్లలను అడిగాను. ఒక్కరూ చెప్పలేదు. అసలు చంద్రుణ్ణి చూసినవాళ్ళు చేతులెత్తండి అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. చివరికి ముందు వరుసలోని ఒక అమ్మాయి లేచి, ఇందులో అడగాల్సింది ఏముందన్నట్టు చెప్పింది: "గంట కొడితిరి కద సార్. కండ్లు మూసుకుని దండం పెట్టుకుంటిమి."

ఆ టపటపలు లెంపలేసుకున్న చప్పుళ్ళు. హారతి గంట వినబడిన ప్రతిసారీ పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే చేశారు. దిక్కు సరిగ్గానే పట్టారు, అందరూ తూర్పుకే తిరిగారు. తిరిగి, భక్తిగా కళ్ళు మూసుకున్నారు.

సరే, మిషన్ బడిలో ఈ సమస్య ఉండదు కదా అనుకున్నాను. మర్నాడు అక్కడ పెట్టాం. గంట మోగింది, టపటపలు లేవు. హమ్మయ్య అనుకున్నాను. అయితే చంద్రుడు కూడా లేడు. చంద్రుడి దీపం వెయ్యవలసింది ఎస్తేరు. "ఎస్తేరమ్మా, చంద్రుడు!" అని గుసగుసగా అన్నాను. పలకలేదు. ఇంకోసారి అన్నాను. చీకట్లో నుంచి మెల్లగా "ఆమెన్" అని వినబడింది, ఆ తరువాత దీపం వెలిగింది. ఆ బడిలో ప్రార్థనకు ముందు గంట కొడతారు. పిల్లలంతా తలలు వంచారు. ఎస్తేరు ఆ బడిలోనే చదువుకుంది కాబట్టి తనకు తెలియకుండానే తానూ తల వంచేసింది.

వ్యాను పక్కన కూర్చుని ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. మునిరత్నప్ప "మీరు అందర్నీ భక్తులను చేసేస్తాండారు సార్, జీతం దేవాదాయ శాఖోళ్ళు ఇయ్యాల" అన్నాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక ఎస్తేరు ముఖంలో దిగులు మళ్ళీ కనబడింది. కుప్పం తారీఖు దగ్గరికి వచ్చేస్తోంది.

ఆ వారమంతా కాళ్ళకు బలపాలు కట్టుకుని బళ్ళు తిరిగాం, ఒక్కో చోట ఒక్కో శబ్దం. విజిల్ వేశాం. పిల్లలు డ్రిల్లు పీరియడ్ అనుకుని లేచి నిలబడ్డారు, వాళ్ళ తలలు తగిలి ఆకాశం ఊగిపోయింది. కోడికూత పెట్టాం. బైరెడ్డిపల్లె పిల్లలు తిరిగి కూశారు, ఒకరిని చూసి ఒకరు, మేం దీపం వేసేదాకా ఆపలేదు. కుక్క మొరుగు వినిపిస్తే అందరూ కాళ్ళు ముడుచుకున్నారు. నాకు విషయం అర్థమవుతూ వచ్చింది. శబ్దం దిక్కును మాత్రమే చెప్పదు. అటు తిరిగాక ఏం చెయ్యాలో కూడా చెబుతుంది. నాకు కావలసింది, వినగానే పిల్లలు అటు తిరిగి కళ్ళు పెద్దవి చేసుకుని చూసే శబ్దం. అట్లాంటిది ఇంజినీరింగ్ పుస్తకాల్లో దొరకదు.

అది పుంగనూరులో దొరికింది. మధ్యాహ్నం భోజనాల వేళ బడి మైదానంలో గుడారం వేస్తున్నాం. పిల్లలు వందల మంది, ఎవరి ఆట వాళ్ళది, ఎవరి గోల వాళ్ళది. గేటు బయట ఐసుబండి వచ్చి రబ్బరు హారన్ ఒక్కసారి "పాం" అంది. మైదానంలోని తలలన్నీ ఒక్కసారిగా గేటువైపు తిరిగాయి. కబడ్డీ కూతలో ఉన్నవాడు కూత ఆపి మరీ తిరిగాడు. వరండాలో పేపరు చదువుకుంటున్న హెడ్‌మాస్టరూ తిరిగాడు. ప్రతి ముఖంలోనూ ఆశే. నేనూ ఎస్తేరూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"వద్దు సార్" అంది ఎస్తేరు, నేను నోరు విప్పకముందే. "చుక్కలకు ఐసు హారనా? ఎంత బాగా చెప్పుకుంటా వస్తాను, మధ్యలో పాం అంటే నా పరువు ఏం గావాల?"

పరువు సంగతి కుప్పం అయ్యాక చూసుకుందాం అన్నాను. ఆమె మూతి ముడుచుకుంది గానీ నా వెనకే గేటు దాకా వచ్చింది.

బండాయన పేరు ఖాదర్ బాషా. హారన్ కావాలంటే ససేమిరా అన్నాడు. "హారన్ ఇచ్చేస్తే నేను నోటితో కూయాల్నా సార్? పాల ఐసు, సేమ్యా ఐసు, ఏది గావాల్నన్నా తీసుకోండి, అది మాత్రం అడగొద్దు." హారన్ అక్కర్లేదు, దాని శబ్దం చాలని టేప్‌రికార్డరు చూపించాం. అప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, పాట పాడబోయేవాడిలాగా నిలబడ్డాడు. మొదటి పాం నచ్చలేదని తానే చెరిపించాడు. "ఇది బేరం లేనప్పుడు కొట్టేది సార్, దీంట్లో హుషారు లేదు. ఇంకోటి కొడతా, సూడండి." అట్లా చాలాసార్లు కొట్టాక ఆయనకు తృప్తి కలిగింది. ఈలోపు బండి చుట్టూ బడంతా చేరింది, ఐసులన్నీ అయిపోయాయి.

ఆ మధ్యాహ్నమే ప్రయోగం. తూర్పు స్పీకరు "పాం" అంది. పిల్లలంతా కేరింతలు కొడుతూ గిర్రున అటు తిరిగారు, సరిగ్గా అక్కడ, కింది అంచున, చంద్రుడు లేస్తున్నాడు. "యా, సంద్రుడు!" అని ఒక అరుపు. గుడారం దద్దరిల్లింది. అంతకాలం ఆ చంద్రుణ్ణి అన్ని ఊళ్ళు తిప్పాం గానీ, గుడారంలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారి చూడటం అదే మొదలు. ఎస్తేరు గొంతులో ఆనందం నాకు చీకట్లో కూడా తెలిసింది. నా ఒళ్ళు పులకరించింది, అందులో దాచుకునేది ఏమీ లేదు.

ఆనందం ఎక్కువైతే ఏమవుతుందో ఆ తరువాతి ప్రదర్శనలో చూశాం. సప్తర్షులకు పాం, తోకచుక్కకు పాం, పిల్లలు నవ్వుతున్నారు కదా అని ఏమీ లేని చోట కూడా రెండు పాంలు. మొదట్లో గిర్రున తిరిగారు. ఖాళీ చీకటిని చూశారు. మళ్ళీ తిరిగారు, మళ్ళీ ఖాళీ. ఆ తరువాత ధ్రువ నక్షత్రం కోసం ఉత్తరం స్పీకరు మోగితే సగం మంది కదల్లేదు. "ఉత్త హారనే, ఐసు లేదు, ఏమీ లేదు" అని ఎవరో పక్కవాడికి చెప్పడం వినబడింది.

ఆ రోజు వ్యానులో కూర్చుని మా నియమం రాసుకున్నాం. శబ్దం వస్తే అక్కడ తప్పకుండా ఏదో ఒకటి ఉండాలి. శబ్దం ముందు రావాలి, మెడ తిరగడానికి వ్యవధి ఇచ్చి, అప్పుడు దీపం వెలగాలి. దీపం వెలిగాక ఎస్తేరు మాట్లాడాలి. మొత్తం ప్రదర్శనకు మూడే మూడు పాంలు, అంతకు మించితే స్విచ్చు నా చేతిలో నుంచి లాక్కోవచ్చు. చాలా ఏళ్ళ తరువాత, 2006లో, బెంగళూరు నుంచి వచ్చిన కుర్ర ఇంజినీర్లు కుప్పంలో ఒక ప్రదర్శనలో నా తలకు హెడ్‌సెట్ తగిలించారు. అడవి చూపించారు. కుడి పక్క పిట్ట, ఎడమ పక్క కోతి, నెత్తి మీద గాలి, అన్నీ ఒకేసారి మోగాయి. కాసేపటికి దేనికీ తల తిప్పాలనిపించలేదు. హెడ్‌సెట్ తీశాక వాళ్ళకు మా నియమం చెప్పాను. శ్రద్ధగా విన్నారు. హారన్ సంగతి చెబితే మాత్రం నమ్మలేదు.

కుప్పం ప్రదర్శన 1999 ఫిబ్రవరిలో. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, రామకుప్పం వైపు నుంచి కూడా పిల్లలను రప్పించారు. పరిశీలక బృందం అధ్యక్షులు హైదరాబాదు నుంచి వచ్చిన జాయింట్ డైరెక్టరు. మా లెక్కలో ఆయన చాలా పై మెట్టు, నా పై అధికారి క్యూరేటరు కూడా ఆయన ముందు కూర్చోడు. నీటుగా ఇస్త్రీ చేసిన సఫారీ సూటు, మితమైన మాట, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు జరగాలనే మనిషి. మేం ఇచ్చిన ప్రదర్శన వివరాల కాగితాన్ని నిలబడే చదివారు. ఒక వాక్యం దగ్గర ఆగి కళ్ళజోడు తీశారు.

"ఐసుబండి హారనా?"

నేను చెవి గురించి, దిక్కు గురించి వివరించబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, ఇది ప్రభుత్వ విద్యా కార్యక్రమమనీ, సంత కాదనీ, ఆ శబ్దం లేకుండా ప్రదర్శన నడపమనీ చెప్పారు. కోపంగా కూడా చెప్పలేదు. ఎస్తేరు "అట్లనే సార్" అని లోపలికి పాకింది.

ఆయనకు లోపల చిన్న స్టూలు వేశాం, సొరంగం పక్కనే, గోడకు వీపు ఆనించి. మొదటి బ్యాచి పిల్లలు చుట్టూ కూర్చున్నారు. ఎస్తేరు ఎప్పటికంటే బాగా చెప్పింది. ఆమె గొంతు గోడకు తగిలి రెండయింది, పిల్లలు రెండో గొంతును వెతుక్కున్నారు. ప్రదర్శన అయ్యాక బృందం వాళ్ళు బయట పిల్లలను ప్రశ్నలు అడిగారు. చంద్రుడు ఏ పక్క లేచాడంటే కొందరు పడమర అన్నారు, కొందరు పక్కవాడి ముఖం చూశారు, కొందరు లేవలేదన్నారు. ధ్రువ నక్షత్రం ఎక్కడంటే మిన్ను మొత్తం చూపించారు. సభ్యుల్లో ఒకాయన పెదవి విరిచి ఏదో రాసుకున్నారు. మునిరత్నప్ప బ్లోయరు పక్కన తల వంచుకుని నిలబడ్డాడు, నావైపు చూడలేదు.

అధ్యక్షులు గడియారం చూసుకున్నారు. కారు తలుపు తీశారు. అప్పుడు ఎస్తేరు ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. కంగారు పడితే ఆమెకు మదనపల్లె యాస ఇంకా ఎక్కువయ్యేది.

"సార్, ఇంకో బ్యాచి ఉండాది. ఆ పిల్లోళ్ళు శానా దూరం నించి వచ్చినారు, సూడకుండా పోరు. వాళ్ళకు మేం ఎప్పుడూ సేసేట్ల సేస్తాము. మీరు లోపలికొచ్చి కూసుంటే సాలు. అదయినాంక మీరేం రాసినా నేనేం అడగను."

ఆయన ఆమెనూ, ఎండలో వరుసగా నిలబడ్డ పిల్లలనూ చూశారు. కారు తలుపు వేశారు. సఫారీ సూటుతో మళ్ళీ సొరంగంలోకి పాకి, ఇందాకటి స్టూలు మీదే కూర్చున్నారు.

దీపం తగ్గింది, చుక్కలు వచ్చాయి. ఎస్తేరు ఒక్క క్షణం మాట ఆపింది. అది నాకు సంకేతం. స్విచ్చు తూర్పుకు తిప్పాను, ఖాదర్ బాషా తనకు బాగా నచ్చిందన్న పాం మోగింది. పిల్లలంతా గిర్రున తిరిగారు. స్టూలు కిర్రుమంది. చుక్కల వెలుతురులో జాయింట్ డైరెక్టరు గారి తల కూడా పిల్లల తలలతో పాటే టక్కున వెనక్కి తిరగడం చూశాను. మెడ ఒకవైపు, సఫారీ సూటు ఇంకోవైపు. అప్పుడు దీపం వెలిగింది. "యా, సంద్రుడు!" అని గుడారం దద్దరిల్లింది. ఎస్తేరు మాట్లాడటం మొదలుపెట్టింది. ఆయన మిగతా ప్రదర్శనంతా ముందుకు తిరగలేదు, స్టూలునే తిప్పుకున్నారు.

బయట పిల్లలను అడగవలసిన పని లేకపోయింది. ప్రశ్న పూర్తికాకముందే చేతులు లేచాయి, తూర్పు తూర్పనీ ఉత్తరం ఉత్తరమనీ అరుస్తూ చూపించారు. ఆయన మాత్రం సొరంగం దగ్గరే నిలబడి మోకాళ్ళకు అంటిన దుమ్ము దులుపుకుంటూ ఎస్తేరును పిలిచారు.

"అమ్మా, ఇందాక మొదటి ప్రదర్శనలో చంద్రుణ్ణి ఎందుకు పెట్టలేదు?"

ఎస్తేరు చేతులు కట్టుకుని, మర్యాదగా చెప్పింది.

"పెట్టినాము సార్. మీ వీపు ఎనక ఉండాడు."

ఆయన ఆమెను తేరిపార చూశారు. ఆ తరువాత నవ్వారు. పెద్దగా, పిల్లలు తిరిగి చూసేంత పెద్దగా నవ్వారు. మునిరత్నప్ప నవ్వాడు. నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నివేదిక రెండు నెలలకు వచ్చింది. యూనిట్‌ను మదనపల్లెలోనే కొనసాగించాలనీ, డెమాన్‌స్ట్రేటరు పోస్టును క్రమబద్ధం చెయ్యాలనీ సిఫారసు చేశారు. అందులో హారన్ అన్న మాట ఎక్కడా లేదు. 'దిక్సూచక ధ్వని సంకేతం సంతృప్తికరంగా ఉన్నది' అని రాశారు. ఆ పేరు విని ఖాదర్ బాషా చాలా సంతోషించాడు. ఎస్తేరు పర్మనెంటు అయి, నేను రిటైరయిన 2008 దాకా నాతోనే పనిచేసింది.

ఆ ఏడు నేను నేర్చుకున్నది ఇంతే. చూడవలసిన వస్తువును ఎంత బాగా తయారు చేసినా, చూసేవాడి ముఖం అటు తిరగకపోతే అతని లెక్కలో అది లేనట్టే. లేదని అతను చెబితే అబద్ధం కాదు. అతన్ని తిప్పే బాధ్యత చూపించేవాడిది.